బొంతకు దగిన కుట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



భర్తృహరి నీతిశతకమున కార్యార్థియైన ధీరుని వర్ణించుచు, అతడొకప్పుడు కంథను కప్పుకొనుననియు, ఒకప్పుడు దివ్యవస్త్రములు ధరించుననియు, ఆ రెంటియందును సుఖదుఃఖములను గణింపడనియు జెప్పెను. ఏనుగు లక్ష్మణకవి ఆ శ్లోకమును తెనిగించునపుడు కంథకు మారుగా బొంత యను మాటనే వాడెను. ఆ పద్యమును బడిలో వల్లించినవారు ఈ సభయందు పలువురుందురు. అచట బొంత లేమికి గుర్తు. కవి యుద్దేశమును అదియే. కాని ఆ బొంతను కుట్టిన యిల్లాలి నడిగినచో ఆమె వేరొక యర్థము చెప్పును. ఈ పొర పెద్దకూతురి పెండ్లినాటి చీర, ఈ అంచు అత్తగారిది, ఈ ముక్క మొదటి మనుమని చొక్కా యని వ్రేలుపెట్టి చూపును. ఆమెకు బొంత యొక కుటుంబచరిత్ర. అయితే అది చదువుకొను చరిత్ర కాదు, చలికి కప్పుకొను చరిత్ర.

నేడు ఆ బొంత కుట్టుమిషను క్రిందకు వచ్చుచున్నది. వెనుకటి తరమున మిట్టమధ్యాహ్నపు వేళ నలుగురు స్త్రీలు అరుగుమీద గూర్చుండి, చీరలు పరచి, నాలుగు మూలల బరువులుంచి, పెద్దసూదితో నడుమనుండి అంచువరకు కుట్టుచుండిరి. ఇప్పుడు వారి చూపు తగ్గినది. కోడండ్రకు అంత తీరిక లేదు. ఇంట మిషను మాత్రము గలదు. కావున కొందరు తామే మిషనుపై కుట్టుచున్నారు, కొందరు దర్జీకిచ్చి కుట్టించుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. తప్పెచటనన్నచో, వచ్చిన బొంత యెట్టిదో చూడక, అన్నిటికిని ఒకే గీత లాగుటలో నున్నది. పట్టుచీరల బొంతకును అదే గీత, పసిబిడ్డ పొత్తికిని అదే గీత, ముక్కల బొంతకును అదే గీత. చేతికుట్టు నచ్చనిచో దారము లాగివేసి మరల కుట్టవచ్చును. మిషనుకుట్టు విప్పవలెనన్న ప్రతి ముడిని బ్లేడుతో కోయవలెను. బట్ట పాతదైనచో కుట్టుతో గూడ బట్టయు పోవును. అమ్మమ్మ చీర మరల దొరకదు.

గీతను ఎన్నుకొనుటకు ముందు గీత చేయు పని యేమో తెలియవలెను. బొంతకు మూడు భాగములుండును: పైబట్ట, నడిమి దళసరి, అడుగుబట్ట. చీరల బొంతలో నడిమి దళసరియు చీరలే. రజాయిలో దూది. కుట్టు వీనిని పట్టి యుంచును. అలంకారము ఆ తరువాతి మాట. దూది నింపిన దానికి కుట్టు మరీ దూరమైనచో, రెండు మార్లు ఉతుకునప్పటికి దూది జారి మూలలకు చేరి యుండలు కట్టును. ఏకిన వట్టి దూదికి కుట్టుకును కుట్టుకును నడుమ రెండంగుళముల యెడము మించరాదని యనుభవజ్ఞులందురు. చీరల బొంతకు ఆ భయము లేదు. చీర జారునుగాని యుండ కట్టదు. కావున దానికి నాలుగు వ్రేళ్ల యెడము చాలును. ఈ యొక్క భేదము తెలియకయే పెక్కు బొంతలు చెడుచున్నవి.

ఒక లెక్క చూడుడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంత యున్నదనుకొందము. అంగుళమునకొక గీత చొప్పున పొడవునా కుట్టినచో 47 గీతలు వచ్చును. మొత్తము కుట్టు 282 అడుగులు. అంగుళమునకు 8 పోగుల చొప్పున లెక్కింపగా సూది 27,072 మార్లు బట్టను పొడుచును. అదే బొంతకు మూడంగుళములకొక గీత వేసినచో గీతలు 15, కుట్టు 90 అడుగులు, పోట్లు 8,640. క్రొత్త బట్ట మొదటి లెక్కను భరింపగలదు. ముప్పదియేండ్లు కట్టి, ఉతికి, ఎండకు వేసిన నూలుచీర భరింపలేదు. పైగా దట్టముగ కుట్టిన బొంత అట్టవలె బిరుసెక్కును. ఒంటికి ఒదుగదు, మడత కుదురదు, ఉతికినచో ఆరదు. చీరల బొంతకు గల సుఖమంతయు దాని మెత్తదనముననే యున్నది. ఆ మెత్తదనమును దారముతో బిగించివేయుట, పాలు కాచి విరుగగొట్టుకొనుట వంటిది.

పాతచీరకు మొదట పరీక్ష చేయవలెను. బట్టను వెలుతురునకెత్తి చూడవలెను. పడుగుపేకలు విడిపోయి సన్నగిల్లిన చోట వెలుగు జల్లెడలోవలె కనబడును. తరువాత రెండు బొటనవ్రేళ్లతో పట్టి మెల్లగా లాగవలెను. చిటచిట యను సవ్వడి వచ్చినచో ఆ చీరను పైపొరగా వేయరాదు, మిషను క్రింద పెట్టరాదు. దానిని నడిమిపొరగా వేసి, పైని గట్టిబట్ట కప్పి, చేతితో దూరదూరముగ కుట్టుటయే మేలు. నిలుచు చీరకు మాత్రము మిషనుపై నిలువుగీతలు చాలును. పువ్వులు, తీగలు వలదు. చీరకు అంచు గలదు, పైటచెంగు గలదు, నేత గలదు. వాని సొగసు చాలదా? అంచున్నచోట అంచు వెంబడియే గీత పోవలెను. చెంగుమీది బుటాలను తొక్కుచు గీత పోరాదు.

ఇక ముక్కల బొంత. ఇందు విచారము హెచ్చుగా గలదు. ఈ విద్య అమెరికా దేశమున విశేషముగ పెరిగినది. అచటి స్త్రీలు చతురములు, త్రికోణములు కూర్చి బొంతలు కుట్టుట శతాబ్దముల నాటి యాచారము. ఎలియాస్ హోవే 1846లోను, ఐజక్ సింగర్ 1851లోను కుట్టుమిషనుకు పేటెంటులు పొందిరి. మిషను యిండ్లలోనికి వచ్చిన క్రొత్తలో కొందరు గృహిణులు బొంత పైముఖమున, అందరకు కనబడునట్లు మిషనుకుట్టు వేసెడివారట. మిషను వెలగల వస్తువు. అది యింట నున్నదని తెలియుట గౌరవము! తరువాతి కాలమున గాలి మారినది. చేతికుట్టే కళ, మిషనుకుట్టు తక్కువరకమను భావము పాతుకొన్నది. 1989లో కెంటకీ రాష్ట్రమందలి పడూకా పట్టణమున జరిగిన బొంతల పోటీలో క్యారిల్ బ్రయర్ ఫాలర్ట్ అను నామె సూర్యగ్రహణమును చిత్రించిన బొంతకు ప్రథమ బహుమానము లభించెను. అది మిషనుపై కుట్టబడినది. ఆ పోటీలో మిషనుకుట్టు బొంతకు అట్టి గౌరవము దక్కుట అదియే మొదటిసారి. దానితో వాదము మారినది. చేయియా, మిషనా యను ప్రశ్న వెనుకబడి, ఏ బొంతకు ఏ గీత యను ప్రశ్న ముందునకు వచ్చినది. ఇచటను రావలసినది ఆ ప్రశ్నయే.

అచటివారు అనుభవముమీద గ్రహించిన విషయములు రెండు మన యిండ్లకును పనికివచ్చును. పువ్వులచ్చు చీటిబట్టలతో కూర్చిన బొంతపై ఎంత సొగసైన గీత కుట్టినను కనబడదు. జాతరలో పాడిన జోలపాటవలె ఆ శ్రమయంతయు వృథా. అట్టిదానికి సాదాగీత చాలును. సొగసైన గీతను సాదా రంగుబట్టకు దాచి యుంచవలెను. ఇక రెండవది: ముక్కలు కోణములుగ నున్నపుడు, కుట్టు వంపుగ నున్నచో కంటికి హాయి. చతురముపై చతురమే కుట్టినచో కిటికీకి కిటికీ బిగించినట్లుండును. అట్లని వంపు కుదురనివారు కుట్టరాదనుట కాదు. ముక్కకు ముక్క కలిసిన అతుకు ప్రక్కనే, గాడిలో పోయినట్లు, గీతను లాగినచో కుట్టు కనబడదు, ముక్కల కూర్పే కనబడును. క్రొత్తగ నేర్చువారికి ఇంతకంటె క్షేమమైన త్రోవ లేదు.

అయినను ఈ నియమములను లెక్కచేయక గొప్ప బొంతలు కుట్టినవారున్నారు. అలబామా రాష్ట్రమున ఒక నది మూడువైపుల చుట్టివచ్చిన వంపులో గీస్ బెండ్ అను చిన్న గ్రామము గలదు. అచటి నల్లజాతి కుటుంబములు ప్రత్తితోటలలో బానిసలుగ పనిచేసినవారి సంతతి. ఆ స్త్రీలు క్రొత్తబట్ట కొనలేక, పొలములో చిరిగిన పనిదుస్తులతో బొంతలు కుట్టిరి. మిస్సోరీ పెట్‌వే అను నామె 1942లో, గతించిన భర్త తొడిగిన పనిదుస్తులను విప్పి, ముక్కలు చేసి, ఒక బొంతగా కూర్చెను. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగులు అట్లే యున్నవి. ఆ గ్రామపు బొంతలలో కుట్టుగీతలు ముక్కల హద్దులను పెక్కుచోట్ల పాటింపవు. ముక్కలు ఒక దారిని, గీతలు ఒక దారిని పోవును. 2002లో హ్యూస్టన్ నగర మ్యూజియమున వానిని గోడలకు వ్రేలాడదీసి చూపగా చిత్రకళ నెరిగినవారు విస్తుపోయిరి. 2006లో ఆ దేశపు తపాలాశాఖ పది బొంతల బొమ్మలతో బిళ్లలు వెలువరించెను. చలికోసము కుట్టినవి చిత్రశాల చేరినవి. అట్టి బొంత పాతబడినదని, దానిపై మిషనుతో క్రొత్తగీతలు లాగినచో ఏమి మిగులును?

ఆ దేశపు స్త్రీలు వాడు గీతలలో విసనకఱ్ఱ గీత యొకటి గలదు. మోచేతిని ఒకచోట నానించి, ముంజేతిని విసనకఱ్ఱవలె త్రిప్పినచో వ్రేలి కొన గీయు వంపే ఆ గీత. కొలబద్ద లేదు, కాగితము లేదు. ఒంటి కొలతయే కొలత. మిషనుపై కుట్టువారు ఆ వంపును సబ్బుముక్కతో ముందు గీసికొనవచ్చును. దర్జీలు వాడు ఆ పలుచని సబ్బుముక్కకు మించిన సాధనము లేదు. ఉతికినచో పోవును. పెన్నుతో గీసిన గీత పోదు.

గీతల మాట వచ్చినది గనుక, తెలుగిండ్ల ముంగిళ్లలో ఉదయమున పుట్టి సాయంత్రమునకు చెరిగిపోవు గీతలను గూర్చి చెప్పక తప్పదు. మిషనుకుట్టునకు ఒక ధర్మము గలదు. అది ఆగుట కిష్టపడదు. ఆగినచోటనెల్ల దారము కత్తిరింపవలెను, పైదారము నడుగునకు లాగవలెను, ముడి వేయవలెను, కొస దాచవలెను. కావున మిషనుకు తగిన గీత ఎత్తకుండ సాగు గీత. సరిగ్గా అట్టి గీతలే మెలిక ముగ్గులు. చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టును తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి చేరు ముగ్గులు వానిలో నెన్నో గలవు. దానిని వ్రేళ్లతో వేయగలిగిన స్త్రీకి మిషను గీత క్రొత్తవిద్య కాదు. చుక్కకు చుక్క నడుమ రెండంగుళములుంచి సబ్బుముక్కతో వేసికొని, మెలిక వెంబడి కుట్టినచో బొంత యంతటను కుట్టు సమముగ పరచుకొనును. ఇదియు ముఖ్యమే. అంచున దట్టముగ, నడుమ పలుచగ కుట్టినచో దట్టమైనచోట బట్ట ముడుచుకొని, పలుచనిచోట ఉబ్బి, బొంత నేలపై సమముగ పరచుకొనదు. పద్మముల ముగ్గు చూచుటకు మెలికముగ్గుకంటె అందమైనది కావచ్చును. కాని దాని రేకు రేకునకు ఆగవలసి వచ్చును. అది చేతిసూదికి తగినది.

మెలికగీతకు బట్టను ఇష్టము వచ్చిన దిక్కునకు త్రిప్పవలెను. మిషను పాదము క్రింద బట్టను ముందునకు నెట్టు పళ్లుండును. అవి దిగు యేర్పాటు గల మిషనులో వానిని దింపవలెను, లేనిచో రేకుతో కప్పవలెను. మామూలు పాదము తీసి రఫూపాదము బిగింపవలెను. అప్పుడు రెండు చేతులతో బొంతను నడపవచ్చును. కాలిమిషను దీనికి చక్కగ పనికివచ్చును. చేతిమిషనుపై సాగదు; ఒక చేయి చక్రమునకే సరిపోవును. చేతిమిషను మాత్రమే గలవారు నిలువుగీతలతో తృప్తిపడవలెను. సూది 16వ నెంబరునకు తగ్గరాదు. దళసరి మీరినచో 18. దారము నూలుదే మంచిది.

ఇంకొక చిక్కు, మిషను చేతిక్రింది చోటు. ఇంటి మిషనులలో సూదికిని కంబమునకును నడుమ ఆరేడంగుళములే యుండును. బొంతను చుట్టగా చుట్టి ఆ సందున దూర్పవలెను. అంచునుండి మొదలిడినచో మొత్తము చుట్ట ఆ సందున పట్టదు. నడుమనుండి మొదలిడినచో సగమే పట్టవలెను. పొరలలోని ముడుతలును బయటకు పోవును. దానికి ముందు పొరలన్నిటిని దూరదూరముగ టాకాలు వేసి కట్టివేయవలెను. టాకాలకు బద్దకించినవారు అడుగుబట్టను త్రిప్పిచూచి పిదప విచారించిరి.

పసిబిడ్డల బొంతకు ఒక్క మాట: దినదినమును ఉతుకు వస్తువు గనుక మిషనుకుట్టే దానికి మంచిది. చేతికుట్టులోని పొడుగుపోగులలో పాపల వ్రేళ్లు చిక్కుకొనును. ఆమాట కేమి, పెద్దల బొంతలలో మట్టెలును చిక్కుకొనుచునే యున్నవి.

మిషను బొత్తిగ నాగవలసిన చోట్లును గలవు. వంగదేశపు స్త్రీలు పాతచీరలతోనే కుట్టు కాంథా యందొకటి. చీర అంచులనుండి లాగిన రంగుదారములతో పద్మములు, ఏనుగులు, రథములు కుట్టి, మిగిలిన తెల్లని చోటంతయు సాదాకుట్టుతో నింపుదురు. బొమ్మచుట్టును వరుసగ పోవు ఆ కుట్టువలన బట్ట చిన్నచిన్న అలలుగ లేచును. అచట కుట్టే బొమ్మ. మిషనుకుట్టు బట్టను అణచునుగాని అట్లు లేపలేదు. హవాయి ద్వీపములవారు మాత్రము ఆ పోలికగల గీతనొకదానిని వాడుదురు. చెట్టాకుల బొమ్మను అతికి, దాని చుట్టును చెరువులో రాయి వేసినపుడు లేచు తరంగములవలె వరుసగీతలు కుట్టుదురు. ఒక్క పెద్దబొమ్మ గల బొంత యెవరియింటనైన నున్నచో ఆ తరంగగీత మిషనుపై ప్రయత్నింపదగినది. కన్నడదేశమున ఉత్తరకన్నడ మండలపు అడవులలో సిద్దీలని ఆఫ్రికాసంతతి వారున్నారు. వారి స్త్రీలు కుట్టు కవంది మరియొక తీరు. మూలనుండి మొదలిడి, ముక్కను మడచి పెట్టుచు, అప్పుడే కుట్టుచు, చుట్టుచుట్టును తిరిగి నడుమకు చేరుదురు. కూర్పును, కుట్టును ఏకకాలమున ముగియును. నాలుగు మూలల పువ్వు ముక్కలు లేనిచో ఆ బొంత దిగంబరమని వారి యెన్నిక. ఇట్టి బొంత చేతికి వచ్చినపుడు చిరిగినచోట చేతితో నొక ముక్క వేయుటయే తగును.

మన బొంతలయందును కొన్ని యట్టివే. కుట్టినవారు గతించి, వారి చేతికుట్టు ఇంకను నిలిచియున్న బొంతను తెచ్చి, కుట్టు వదులైనదని మిషను క్రింద పెట్టరాదు. వదులైన వరుసను మాత్రము అదే రంధ్రముల వెంబడి చేతితో బిగింపవచ్చును. వరుస వంకరగ పోయినచో వంకరగనే కుట్టవలెను. ఆ వంకర ఆమె చేతిది.

ఈ గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగ పుస్తకముల చిట్టా శ్రద్ధగ వ్రాయబడుచున్నది. దానిప్రక్కనే గళ్ల కాగితముల నోటుపుస్తకము నొకదానిని బొంతల కొరకు తెరువవచ్చును. ఏ యింటి బొంత, ఏ యేట కుట్టినది, ఎన్ని పొరలు, లోపల చీరయా దూదియా, గీతకు గీత యెన్ని యంగుళములు, చేతికుట్టా మిషనుకుట్టా, ఉతికిన పిదప ఎట్లు నిలిచినది. ఇన్ని కాలములు చాలును. ప్రక్కపుటలో ఆ గీతను పెన్సిలుతో వేయింపవలెను. మెలికముగ్గు లెరిగిన పెద్దలచేత చుక్కల లెక్కతో సహా వేయింపవలెను. క్రొత్తబొంత కుట్టదలచిన ఆడపడుచు ముందు ఆ పుస్తకము తిరుగవేసి, తన బొంత వంటిదానిని వెదకి చూచుకొనును. బొంతలు కుట్టిన పెద్దమ్మలలో కొందరు ఈనాడు ఈ సభలో ముందువరుసనే కూర్చుండి యున్నారు. మొదటి పుట వారి చేతిమీదుగ ప్రారంభింపవచ్చును.